రాసింది దొరకాలి

2024 నవంబరు మొదట్లో దేవనకొండ మండలంలో కప్పట్రాళ్ల చుట్టుపక్కల పల్లెల జనం రోడ్డెక్కారు. కప్పట్రాళ్ల రిజర్వు అడవిలో యురేనియం కోసం 68 చోట్ల బోర్లు వేసి చూస్తారన్న సంగతి అప్పుడే బయటపడింది. ఆడవాళ్లూ మగవాళ్లూ పనులు మానుకొని వచ్చారు. ఆ ప్రతిపాదన ముందుకు పోదని అధికారులు ప్రకటించిన తర్వాత ఆందోళన చల్లబడింది. ఇది అందరికీ తెలిసిన కథే.

నేను చెప్పదలుచుకున్నది ఆ కథలో యెవరూ పట్టించుకోని వొక చిన్న భాగం. నవంబరంటే మా వైపు సుగ్గి కాలం. ఇళ్లకు తాళాలేసి, పిల్లల్ని వెంటబెట్టుకొని, గుంటూరు వైపు పత్తి ఏరడానికి పోయే రోజులు. ఊరు రోడ్డుమీద వుంటే, ఊరివాళ్లు సగంమంది పరాయి చేలల్లో వున్నారు. అక్కడ వాళ్ల చేతిలో వున్న సాధనం వొక్కటే, ఫోను. ఆ ఫోనును వాళ్లు అడిగే ప్రశ్నలు చాలా సూటైనవి. బోరు వేసి చూడడం వేరా, గని తవ్వడం వేరా? నీళ్లకేమవుతుంది? అడవికి మేతకు పోయే గొర్రెలకేమవుతుంది? ఇట్లాంటిది ఇంకెక్కడైనా జరిగిందా?

ఈ ప్రశ్నలకు జవాబులు లోకంలో లేవా? వున్నాయి. వైయస్సార్ కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని వుంది. ఆ చుట్టుపక్కల రైతులు తమ బోరునీళ్ల గురించి ఏళ్ల తరబడి ఫిర్యాదులు చేస్తూనే వున్నారు. దానిమీద వ్యాసాలు వచ్చాయి, కరపత్రాలు వచ్చాయి, సభలు జరిగాయి. అనుమతుల కాగితాలు ఇంగ్లీషులో ప్రభుత్వ దస్త్రాల్లో వున్నాయి. కాని వున్నదంతా దొరకదు. రాసింది వేరు, దొరికేది వేరు. ఈ రెంటికీ మధ్య ఇవాళ వొక యంత్రం కూర్చుని వుంది. దాన్నే సెర్చ్ ఇంజన్ అంటున్నాం. జనం వాడుకలో దాని పేరు గూగుల్.

రచయితలం మనం ఈ యంత్రాన్ని గురించి రెండు రకాలుగా మాట్లాడుతున్నాం. కొందరు అది మనకు పట్టని వ్యాపార వ్యవహారమంటారు. మరికొందరు దానికి మొక్కుతారు. రెండూ తెలుసుకోకుండా మాట్లాడే మాటలే. అచ్చు యంత్రం ఎలా పనిచేస్తుందో తెలియకుండా పత్రిక నడపలేం. అలాగే ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలియకుండా ఇవాళ పాఠకుడి దగ్గరికి పోలేం. కనుక ముందు దాని పనితీరు చూద్దాం.

సెర్చ్ ఇంజన్ పని మూడు అంచెల్లో జరుగుతుంది. మొదటి అంచెలో దాని ప్రోగ్రాము వొకటి వెబ్ మీద తిరుగుతూ వుంటుంది. వొక పేజీలోంచి ఇంకో పేజీకి ఇచ్చిన లింకు పట్టుకొని పోతుంది. ఊళ్లో కొత్త ఇంటికి దారి అడుగుతూ పోయే పోస్టుమాన్‌లాగా. ఏ దారీ లేని ఇంటికి పోస్టుమాన్ రాడు, ఏ లింకూ లేని పేజీకి ప్రోగ్రామూ రాదు. రెండో అంచెలో అది చూసిన పేజీలోని మాటల్ని విడదీసి పెద్ద పదసూచిక తయారుచేసుకుంటుంది. పుస్తకం చివర ఫలానా మాట ఫలానా పేజీలో వుందని వేస్తామే, అదే పని. మనం ప్రశ్న అడిగినప్పుడు అది లోకమంతా వెతకదు. తన పదసూచికలో మాత్రమే వెతుకుతుంది. అందులో చేరనిది దాని దృష్టిలో లేనట్టే. మూడో అంచెలో, దొరికిన వేల పేజీల్లో ఏది ముందు చూపాలో, ఏది వెనక చూపాలో తేలుస్తుంది.

అసలు రాజకీయమంతా ఈ మూడో అంచెలో వుంది. గూగుల్ వ్యవస్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులుగా వున్నప్పుడు దీనికొక పద్ధతి చెప్పారు. పండితులు తమ వ్యాసాల్లో ఏ గ్రంథాన్ని ఎక్కువగా ఉదహరిస్తారో ఆ గ్రంథానికి విలువ ఎక్కువ అన్నది పాత సూత్రం. దాన్నే వెబ్‌కు అన్వయించారు. ఎక్కువ పేజీలు ఏ పేజీకి దారి చూపుతున్నాయో అది ముఖ్యమైనది. దారి చూపే పేజీ కూడా ముఖ్యమైనదైతే ఆ సిఫారసుకు బరువు ఎక్కువ. ఇప్పుడు ఆ లెక్కకు ఇంకా ఎన్నో లెక్కలు తోడయ్యాయిగాని, పునాది అదే. ఇందులో వొక మెలిక వుంది. పేరున్నవాడికే పేరు పెరుగుతుంది. బీదవాడి మాటకు సాక్ష్యం చెప్పేవాళ్లు కూడా బీదవాళ్లే అయితే ఆ సాక్ష్యానికి బరువు తక్కువ.

ఇక వెబ్‌సైట్‌లో ఏమి రాయాలి, ఎలా రాయాలి అన్నదానిమీద గూగుల్ కంపెనీ తానే కొన్ని సూచనలు ప్రకటించింది. వాటిని చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. చాలా భాగం మన ఉద్యమాలు ఎప్పటినుంచో చెబుతూ వచ్చిన మాటలే.

మొదటి సూచన: యంత్రం కోసం రాయవద్దు, మనుషుల కోసం రాయండి. ఈ రచన ఎవరు చేశారు, ఎలా చేశారు, ఎందుకు చేశారు అన్న మూడు ప్రశ్నలకు పేజీ జవాబు చెప్పాలంటుంది. చదివినవాడు తన పని తీరిందనుకొని లేవాలేగాని, ఇంకోచోట వెతుక్కోవలసిన గతి పట్టకూడదంటుంది. ఇన్ని మాటలు రాస్తేనే ముందు చూపుతామన్న లెక్క ఏదీ లేదని స్పష్టంగా చెబుతుంది. పాత వ్యాసానికి కొత్త తేదీ వేసి తాజాదని నమ్మించడాన్ని తప్పుపడుతుంది. ఆదోని మార్కెట్టుకు పత్తి తోలాలా, ఇంకో వారం ఆగాలా అని తేల్చుకోవడానికి ధర వెతికే రైతుకు నిన్నటి ధరను ఇవాళ్టి తేదీకింద చూపితే జరిగేది సాంకేతిక దోషం కాదు, మోసం.

రెండో సూచన: జనం వెతికేటప్పుడు ఏ మాటలు వాడతారో ఆ మాటల్నే వాడండి, వాటిని శీర్షికలోనూ ముఖ్యమైనచోట్లా పెట్టండి. ఇది చదివినప్పుడు గిడుగు రామమూర్తి గుర్తుకు రాని తెలుగువాడు వుంటాడా? వ్యవసాయశాఖ కరపత్రం ‘వేరుశనగ’ అంటుంది. మా వైపు రైతు ‘బుడ్డలు’ అంటాడు. అధికారుల నివేదిక ‘కాలానుగుణ వలస’ అంటుంది. మా జనం ‘సుగ్గికి పోవడం’ అంటారు. యంత్రం తాను చదివిన రాతలోంచే భాష నేర్చుకుంటుంది. బుడ్డలూ వేరుశనగా వొకటేనని అది తెలుసుకోవాలంటే ఆ రెండూ పక్కపక్కన వున్న పేజీలు వుండాలి. ఆ పేజీలు రాయవలసింది ఎవరు? గుంటూరులోనో హైదరాబాదులోనో కూర్చున్నవాడు రాయడు. రాయలేడు. బుడ్డల ఆకుమచ్చ తెగులు గురించి రాసేటప్పుడు రెండు మాటలూ వాడితే, రైతు ఏ మాటతో అడిగినా జవాబు దొరుకుతుంది. వాడుకభాష కోసం నిన్న చేసిన వాదన సాహిత్యానికి సంబంధించింది. ఇవాళ అది సమాచారం అందడానికీ అందకపోవడానికీ సంబంధించింది.

ఇక్కడ మన శీర్షికల గురించి వొక విమర్శ చేసుకోక తప్పదు. కరువు మీద రాసిన వ్యాసానికి ‘ఎండిన గుండెలు’ అని పేరు పెడతాం. నేతకారుల ఆకలి మీద రాసినదానికి ‘తెగిన పోగులు’ అంటాం. బాగానే వుంటుంది. కాని ఆ పేరును బట్టి అందులో ఎమ్మిగనూరు వుందని, మగ్గం వుందని, ఫలానా సంవత్సరం వుందని యంత్రానికి గాని, కొత్త పాఠకుడికి గాని ఎలా తెలుస్తుంది? కవితాత్మకమైన పేరు వుండనివ్వండి. దానికింద ‘ఎమ్మిగనూరు చేనేత కార్మికుల స్థితి’ అని వొక ఉపశీర్షిక వేసి సంవత్సరం చెబితే పోయేదేమీ లేదు.

మూడో సూచన: అక్షరం అక్షరంగానే వుండాలి. మన చిన్న పత్రికలు ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. అక్షరాలకు ప్రపంచవ్యాప్తంగా వొకే సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా వచ్చింది. అయినా మన డీటీపీ కేంద్రాలు అను వంటి పాత ఫాంట్లలోనే కంపోజింగు చేస్తూ వచ్చాయి. ఆ ఫాంట్లలో ‘క’ అనే అక్షరం నిజానికి ఏదో వొక రోమన్ అక్షరం స్థానంలో కూర్చున్న బొమ్మ. కాగితం మీద అచ్చయితే తేడా తెలియదు. అదే ఫైలును నెట్‌లో పెడితే మనిషికి తెలుగు కనిపిస్తుంది, యంత్రానికి అర్థంలేని రోమన్ అక్షరాల కుప్ప కనిపిస్తుంది. పదసూచికలో తెలుగు మాట వొక్కటీ చేరదు.

నా అనుభవమే చెబుతాను. ఈ ప్రాంతపు కరువు మీద చాలా ఏళ్లకిందట వొక చిన్న పత్రికలో వచ్చిన వ్యాసం కోసం రెండు రోజులు వెతికాను. ఊరి పేరుతో, విషయంతో, రచయిత పేరుతో అన్ని విధాలా అడిగాను. దొరకలేదు. చివరికి తెలిసిందేమిటంటే, ఆ సంచిక మొత్తం నెట్‌లోనే వుంది, పాత ఫాంటులో. ఇంట్లో వున్న దీపం మీద గంప బోర్లించినట్టు.

పాత పుస్తకాల గతీ ఇంతే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద వేలాది తెలుగు పుస్తకాలను ఫొటోలు తీసి నెట్‌లో పెట్టారు. గొప్ప పనే. కాని పుస్తకాల పేర్లను, రచయితల పేర్లను రోమన్ లిపిలో, చాలాచోట్ల తప్పుల తడకగా ఎక్కించారు. తెలుగు లిపిలో వెతికేవాడికి అవి ఎదురుపడడం కష్టం. ఫొటోలోంచి అక్షరాలు గుర్తుపట్టే యంత్రాలు ఇప్పుడు వచ్చాయి, అవి తెలుగునూ చదువుతున్నాయి. అయితే పాత అచ్చులో వొత్తులు, గుణింతాలు తప్పుగా చదవడం ఇంకా వుంది. కనుక మనిషి కూర్చుని సరిచూడవలసిందే.

నాలుగో సూచన: పేజీలకు దారులు వేయండి. వ్యాసానికొక సొంత చిరునామా వుండాలి. నూరు పేజీల సంచికను వొకే మూటగా పెడితే అందులో అరవయ్యో పేజీలోని వ్యాసానికి విడిగా ఎవరూ దారి చూపలేరు. వొక వ్యాసం ఇంకో వ్యాసానికి దారి చూపాలి. తుమ్మలపల్లె మీద రాసినవాళ్లు కప్పట్రాళ్లను, కప్పట్రాళ్ల మీద రాసినవాళ్లు తుమ్మలపల్లెను చూపాలి. బొమ్మ వేస్తే ఆ బొమ్మ ఏమిటో కింద మాటల్లో రాయాలి. అది యంత్రానికే కాదు, కళ్లు లేని పాఠకుడికీ అవసరం.

అయిదో సూచన అన్నిటికంటే ముఖ్యమైనది. రచనను తూచడానికి గూగుల్ నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయత అనే మూడు కొలతలు చెబుతూ వచ్చింది. 2022 డిసెంబరులో వాటికి అనుభవాన్ని కూడా చేర్చింది. రాసినవాడికి ఆ విషయం స్వయంగా తెలుసా అని అడుగుతోందన్నమాట. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతకారుల సహకార సంఘం పెట్టారు. ఆ సంఘం ఎట్లా లేచింది, ఎట్లా నడిచింది అన్నది మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడు చెబితే వొక తీరుగా వుంటుంది, నాలుగు పేజీలు చూసి అయిదో పేజీ తయారుచేసినవాడు చెబితే ఇంకో తీరుగా వుంటుంది. ప్రజాజీవితాన్ని దగ్గరినుంచి చూసి రాయమని 1943లో తెనాలిలో పుట్టిన అభ్యుదయ రచయితల సంఘం నాటినుంచీ చెప్పుకుంటున్నాం. ఆ మాటే వ్యాపార సంస్థ నోట ఇన్నాళ్లకు వచ్చింది.

అయితే, ఇక్కడ ఆగితే మనం విమర్శకులం కాము, ఆ కంపెనీకి ప్రచారకులమవుతాం. మాట మంచిదే. ఆ మాట చెప్పేవాడి బతుకు దేనిమీద నడుస్తోంది? ప్రకటనల మీద. ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజన్ ప్రకటనదారుల వైపే మొగ్గుతుందని 1998 నాటి తమ వ్యాసంలో పేజ్, బ్రిన్‌లే హెచ్చరించారు. తర్వాత వాళ్ల కంపెనీయే ప్రకటనల మీద ప్రపంచంలో పెద్ద కంపెనీల్లో వొకటిగా ఎదిగింది. డబ్బు తీసుకొని మామూలు ఫలితాల్లో ముందు చూపబోమని కంపెనీ అంటుంది. ప్రకటనలను వేరుగా గుర్తుపెట్టి చూపుతుంది. ఆ మాటను కాదనడం లేదు. కాని సెర్చ్ రంగంలో తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలుపుకున్నదని 2024 ఆగస్టులో అమెరికా ఫెడరల్ న్యాయస్థానమే తీర్పు చెప్పింది. బజారులో వొకటే కాటా వున్నప్పుడు ఆ కాటా సరిగ్గా వుందో లేదో చూడడానికి రెండో కాటా వుండదు.

తెలుగులో దీని ఫలితం కళ్లముందే వుంది. 2018లో గూగుల్ తన ప్రకటనల పథకాన్ని తెలుగు వెబ్‌సైట్లకు వర్తింపజేసింది. తెలుగులో రాసేవాళ్లకు నాలుగు రూపాయలు రావడం మంచిదే. దానితోపాటు జనం ఏమి వెతుకుతున్నారో చూసి, దానికి సరిపడా పేజీలు అల్లే పరిశ్రమ కూడా పుట్టుకొచ్చింది. శీర్షికలో ప్రశ్న వుంటుంది, లోపల జవాబు వుండదు. ఇప్పుడు ఆ అల్లకం పనిని కూడా యంత్రాలకే అప్పగిస్తున్నారు. యంత్రం రాసిందా మనిషి రాశాడా అన్నది కాదు, పనికొచ్చేదా కాదా అన్నదే చూస్తామని 2023లో గూగుల్ ప్రకటించింది. ఫలితాలను బోల్తా కొట్టించడానికి కుప్పలు తెప్పలుగా పేజీలు తయారుచేయడం మోసమని 2024 మార్చిలో నియమం పెట్టింది. చెత్త ఊరంతా నిండిన తర్వాత చీపురు పట్టుకున్నట్టు.

ఇంకో ఉదాహరణ. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని తెలుగు ఔత్సాహికులు పైసా తీసుకోకుండా పెంచారు. 2009 ప్రాంతంలో గూగుల్ కొన్ని భారతీయ భాషల వికీపీడియాల్లోకి ఇంగ్లీషు వ్యాసాలను అనువాదం చేయించి చేర్చే పని పెట్టుకుంది. అందులో తెలుగూ వుంది. ఏ వ్యాసాలు తేవాలన్నది దేన్నిబట్టి తేల్చారు? ఇంగ్లీషులో జనం ఎక్కువగా చూసే అంశాలను బట్టి. వందల కొద్దీ వ్యాసాలు వచ్చిపడ్డాయి. సగం అర్థమయ్యే, సగం అర్థంకాని తెలుగును సరిదిద్దే భారం మళ్లీ ఆ ఔత్సాహికుల మీదే పడింది. 2011 నాటికి ఆ పని ఆగిపోయింది. సంఖ్య పెరగడం వేరు, భాష పెరగడం వేరు అన్న పాఠం మిగిలింది.

అసలు సమస్య ఇదీ. సెర్చ్ బజారులో విలువను తేల్చేది వెతికేవాళ్ల సంఖ్య. సినిమాతార పెళ్లిని లక్షలమంది వెతుకుతారు. కప్పట్రాళ్ల అడవిలో బోరు గురించి వెతికేవాళ్లు కొన్ని వేలమంది, అదీ కొన్ని రోజులపాటు. లెక్క ప్రకారం ఆ ప్రశ్నకు జవాబు రాసేవాడికి గిట్టుబాటు కాదు. కాని ఆ కొన్ని వేలమందికి అది నీళ్ల ప్రశ్న. గిట్టుబాటు కానిచోటే రచయితల సంఘాల అవసరం మొదలవుతుంది. గిట్టుబాటు అవుతుందని శ్రీశ్రీ రాశాడా, గిట్టుబాటు అవుతుందని మన చిన్న పత్రికలు నడిచాయా?

దీనికి తోడు 2024 నుంచి గూగుల్ చాలా ప్రశ్నలకు జవాబును తానే సంగ్రహించి పైన పెట్టడం మొదలుపెట్టింది. వెతికేవాడు అసలు పేజీదాకా పోకుండానే ఆగిపోవచ్చు. రాసినవాడి మాట వాడుతుంది, పాఠకుడిని మాత్రం అతనిదాకా రానివ్వదు. అలాంటప్పుడు ఎందుకు రాయాలంటారు కొందరు. మనం రాయకపోతే ఆ సంగ్రహం మన గురించి ఇతరులు రాసినదాంతో తయారవుతుంది. కప్పట్రాళ్ల పేరు పత్రికల్లో పెద్ద అక్షరాలతో పడింది 2008 నాటి ఫ్యాక్షన్ హత్యలప్పుడు. ఆ ఊరివాళ్లు తమ అడవి గురించి, తమ పంటల గురించి, తమ సుగ్గి గురించి తాము రాసుకోకపోతే, లోకానికి కప్పట్రాళ్లంటే హత్యల ఊరుగానే మిగులుతుంది.

కనుక చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. పత్రిక ప్రతి సంచికా అచ్చుతోపాటు యూనికోడ్‌లో, వ్యాసానికొక పేజీగా, తెరిచి వుంచిన చోట రావాలి. పాత సంచికల్లో కనీసం విషయసూచికలనైనా తెలుగు లిపిలో టైపు చేయించాలి. వొక్క విషయసూచిక దొరికినా పరిశోధకుడు గ్రంథాలయం దాకా నడుస్తాడు. ప్రతి వ్యాసంలో ఊరి పేరు, మండలం పేరు, సంవత్సరం వుండాలి. స్థానికమైన మాటా, పుస్తకాల మాటా రెండూ వుండాలి. మన సభలకు వచ్చే బడిపంతుళ్లూ కాలేజీ పిల్లలూ తలా వొక ఊరి గురించి, ఆధారం చూపుతూ, వికీపీడియాలో నాలుగు నిజమైన వాక్యాలు రాయగలరు. వొకే కంపెనీ గుమ్మం దగ్గర కూర్చోకుండా, అచ్చు ప్రతిని, గ్రంథాలయాన్ని, సభను నిలుపుకోవాలి. ఈ సూచనలన్నీ పాటించినా ముందు చూపుతామన్న హామీ ఇవ్వబోమని గూగులే చెప్పింది. ఆ సంగతి మరిచిపోవద్దు.

ఇవన్నీ చేస్తే ఉద్యమాలు పుడతాయా? పుట్టవు. దేవనకొండ జనం రోడ్డెక్కింది సెర్చ్ ఇంజన్ చెబితే కాదు. వొకరికొకరు చెప్పుకొని ఎక్కారు. కాని గుంటూరు చేలో పత్తి ఏరుతూ, పొద్దుగూకాక గుడిసెలో ఫోను తెరిచి తన ఊరి నీళ్ల గురించి అడిగే మనిషి వున్నాడు. అతనికి తన భాషలో, తన మాటల్లో, నిజమైన జవాబు దొరకాలి. అది రాయవలసినవాళ్లం మనం. రాసి, దొరికేచోట పెట్టవలసినవాళ్లమూ మనమే.